లాంగ్ బీచ్ పాలీ: ఆటలంటే ఇష్టమున్న పిల్లలకి నా ఓటు దీనికే

కాలిఫోర్నియా లాంగ్ బీచ్‌లో ఉండే మనవాళ్లు పబ్లిక్ స్కూల్ అంటే వెనకాడతారు గానీ, పాలీ హైస్కూల్‌ని ఒక్కసారి చూడండి. 1895లో మొదలైంది, ఫీజు లేదు. టెన్నిస్ బిల్లీ జీన్ కింగ్, బేస్‌బాల్ టోనీ గ్విన్, చేజ్ అట్లీ ఇక్కడ చదివినవాళ్లే, ఇక అమెరికన్ ఫుట్‌బాల్ సంగతంటారా, ఎన్‌ఎఫ్‌ఎల్‌కి (అక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) ఎక్కువమందిని పంపిన స్కూళ్ల పేర్లు చెప్పమంటే ముందు దీని పేరే వస్తుంది. ఆకుపచ్చ, బంగారు రంగు జెర్సీల్లో జాక్‌రాబిట్స్ (స్కూల్ జట్టు పేరు) మైదానంలోకి దిగుతుంటే ఒళ్లు పులకరిస్తుంది. చదువు టెన్షన్ ఉన్నవాళ్లు పేస్ (PACE) అనే అడ్వాన్స్‌డ్ చదువుల ప్రోగ్రామ్‌ గురించి అడగండి, దానికి విడిగా అప్లై చేయాలి. "స్కాలర్స్ అండ్ చాంపియన్స్" అన్న నినాదంలో స్కాలర్స్ ముందుండటం నాకు బాగా నచ్చింది.