ఓడ హమాలీల స్మారక బండ: కరీంనగర్ చెక్కుడు షెడ్డు పనితనం

వరంగల్ మార్కెట్‌లో బస్తాలు మోసే హమాలీలు చేయించిన స్మారక బండ మీద సమీక్ష ఇది. బండను కోసి, చెక్కి, తెచ్చి నిలబెట్టింది కరీంనగర్ శివారులోని ఒక గ్రానైట్ షెడ్డు. ముందు ముఖం మీద 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ ఓడ పేలినప్పుడు చనిపోయిన రేవు కూలీల స్మృతి ఉంది. వెనక ముఖం 1945 జనవరి 29న పసిఫిక్ సముద్రంలోని గ్వాడల్‌కెనాల్ దీవి దగ్గర లుంగా తీరంలో సర్పెన్స్ అనే సరుకు ఓడతో పాటు పోయిన అమెరికా సైన్యపు హమాలీలది. ఎత్తు 6 అడుగులు, వెడల్పు 3 అడుగులు, మందం 3 అంగుళాలు. గ్రానైట్ ఘనపు అడుగుకు దాదాపు 76 కిలోలు తూగుతుంది కాబట్టి మొత్తం బరువు 340 కిలోల పైమాటే.

రాయి ఎంపికలో షెడ్డుకు పూర్తి మార్కులు ఇవ్వవచ్చు. కరీంనగర్ అనగానే ట్యాన్ బ్రౌన్ గుర్తొస్తుంది, మెట్లకూ గోడలకూ అది బాగుంటుంది. కానీ నలుపు మీద గోధుమ ఎరుపు మచ్చలు పెద్దవి కావడంతో అంగుళం అక్షరం వాటిలో కలిసిపోతుంది. ఈ మాట షెడ్డువాళ్లే ముందుగా చెప్పి మచ్చలేని నల్ల బండ చూపించారు. నల్ల బండ కొనేటప్పుడు మూడు పరీక్షలు తప్పవు. నీళ్లు పోసి ఆరనివ్వాలి, బండంతా ఆరినా ఒక గీత తడిగానే మిగిలితే అది పగులు. చిన్న సుత్తితో తట్టాలి, గంటలా మోగితే మంచిది, బొంగురుగా పలికితే వదిలేయాలి. తెల్ల గుడ్డను థిన్నర్‌లో ముంచి రుద్దాలి, గుడ్డకు నలుపు అంటితే అది రంగు పూసిన బూడిద రాయి, రెండు ఎండాకాలాల్లో వెలిసిపోతుంది. ఈ బండ మూడూ నెగ్గింది.

ఏం చెక్కించాలన్నది అంతకంటే కష్టమైన పని. అంగుళం అక్షరాలతో ఈ కొలత బండ మీద 24 వరుసలకు మించి పట్టవు. బొంబాయిలో ఎందరు పోయారో అంచనాలు 800 నుంచి 1,300 దాకా ఉన్నాయి. అగ్నిమాపక సిబ్బంది 66 మంది అన్న లెక్క ఉంది, ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా మన ఫైర్ స్టేషన్లలో జరిగే వారోత్సవం వాళ్ల స్మృతిలోనే. సర్పెన్స్ మృతుల్లోని సైన్యపు హమాలీలు కొన్నిచోట్ల 56, కొన్నిచోట్ల 57. తేలని అంకె రాతికి ఎక్కకూడదు. ముందు ముఖం మీద 66 మాత్రమే చెక్కించి, కూలీల దగ్గర అంకె లేకుండా “రేవు కూలీలందరూ” అని రాయించడం సరైన నిర్ణయం. అమెరికాలోని ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో 1949లో సర్పెన్స్ మృతులను 52 పేటికల్లో, 28 సమాధుల్లో ఖననం చేశారు. మరుసటి ఏడు నిలిపిన ఎనిమిది ముఖాల స్మారకం మీద నావికుల పేర్లతో పాటే హమాలీల పేర్లూ ఉన్నాయి. పేర్లు దొరికినచోట చేయాల్సింది అదే.

పేలుడు కారణాన్నీ ఒక్క వరుసలో రాయించారు. ఫోర్ట్ స్టికీన్‌లో దాదాపు 1,400 టన్నుల పేలుడు పదార్థాలు ఉన్నాయి. రెండో నంబరు సరుకు గదిలో పత్తి బేళ్లూ మందుగుండూ కలిపి పెట్టారు. బిగించి కట్టిన బేలు లోపల అంటుకుంటే మంట కనబడదు, పైన పోసిన నీళ్లు లోపలికి దిగవు, పత్తి మోసే ప్రతి హమాలీకీ ఇది తెలుసు. అక్కడ మధ్యాహ్నం పొగ కనబడింది, గొట్టాలతో నీళ్లు కొడుతూనే ఉన్నారు, 4 గంటల 6 నిమిషాలకు ఓడ పేలింది, అరగంటలోపే రెండో పేలుడు. సర్పెన్స్ పేలినప్పుడు దానిలోకి డెప్త్ చార్జ్‌లు, అంటే జలాంతర్గాముల మీద వేసే బాంబులు, ఎక్కిస్తున్నారు. అది శత్రువు దాడి కాదని, ఎక్కింపులో జరిగిన ప్రమాదమని అమెరికా నౌకాదళం 1949 నాటికి తేల్చింది.

తెలుగు అక్షరాల దగ్గర మాత్రం షెడ్డు తడబడింది. ఫోన్‌లో పంపిన యూనికోడ్ మాటర్‌ను అచ్చుపనికి వాడే పాత పద్ధతి అను ఫాంట్లలోకి మార్చినప్పుడు “స్టికీన్”లో పొల్లు పోయింది, “విక్టోరియా”లో వొత్తు పక్కకు జరిగింది. నిలువెత్తు కాగితం ప్రింటు తీసి ఇవ్వడంతో అవి బయటపడ్డాయి. ఆ ప్రింటు అడగకుండానే ఇచ్చారు, అది ఈ షెడ్డు గొప్పతనం. ఇద్దరు కూర్చుని, ఒకరు ఒక్కో అక్షరం చదువుతుంటే ఇంకొకరు మూలంతో పోల్చాలి, రెండోసారి కింది వరుస నుంచి పైకి రావాలి. వరుసకూ వరుసకూ రెండున్నర అంగుళాలు లేకపోతే పై వరుస వొత్తు కింది వరుస గుడికి తగులుతుంది. మొదటి ప్రింటులో రెండు అంగుళాలే ఇచ్చారు, చెప్పాక సరిచేశారు.

ఏ షెడ్డునైనా తూచాలంటే “స్మృత్యర్థం” అన్న ఒక్క మాట ముక్క రాయి మీద చెక్కించి చూడాలి. రబ్బరు షీటు అంటించి, అక్షరం మేర కోసి తీసి, కంప్రెసర్‌తో ఇసుక కొడతారు. సున్న మధ్యలో, థ వొత్తు కడుపులో మిగిలే రబ్బరు బిళ్ల చాలా చిన్నది. జిగురు ఆరకపోయినా, రాయి మీద దుమ్మున్నా ఆ బిళ్ల గాలికి ఎగిరిపోతుంది. సున్న కాస్తా గుంత అవుతుంది. ఈ బండ వెనక ముఖం మీద ఒక సున్న అట్లాగే పోయింది. నల్ల పొడి కలిపిన ఎపాక్సీ జిగురుతో పూడ్చారు గానీ ఎండ పడితే మచ్చ తెలుస్తుంది. మిగతా అక్షరాల లోతు మూడు మిల్లీమీటర్లు, అంచులు పదునుగా ఉన్నాయి. లేజర్ అయితే త్వరగా అవుతుందని చెప్తారు, ఒప్పుకోవద్దు. అది పాలిష్‌ను గీరుతుందే తప్ప లోతు రాదు, బయట పెట్టే బండకు పనికిరాదు. మన పల్లెల్లో కాకతీయుల నాటి వీరగల్లుల (పోరులో పోయిన వీరుల స్మారక రాళ్ల) మీద బొమ్మలు ఇంకా పోల్చుకోగలుగుతున్నామంటే ఆ లోతు వల్లే. అక్షరానికి ఇంత అని బేరం ఆడితే వొత్తును విడిగా లెక్కిస్తారేమో ముందే అడగాలి.

కోత మిషను మీద నీళ్లు పారుతూ ఉన్నాయి, దుమ్ము లేవడం లేదు. ఇసుక కొట్టే మనిషికి మాత్రం ముక్కుకు గుడ్డ ఒక్కటే. ఆ సన్న దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, ఆ దుమ్మును గుడ్డ ఆపదు. హమాలీల స్మారకం చెక్కేచోట ఇది మన్నించదగ్గ లోపం కాదు. సరైన మాస్కు పెట్టాలన్న షరతుతోనే ఆర్డరు ఇవ్వండి.

రవాణా బాగుంది: బండను పడుకోబెట్టకుండా చెక్క చట్రానికి ఆనించి నిలువుగా తెచ్చారు, ఇనుప తాడు కాకుండా నైలాన్ బెల్టులు వాడారు. పునాదిలోనే తొందరపడ్డారు. నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు పగులుతుంది, అడుగున్నర గుంతలో కాంక్రీటు పోస్తే బండ ఒరుగుతుంది. మొరం తగిలేదాకా తవ్వించి, పక్కల్లో తీసిన రేగడి కాకుండా మొరమే నింపించాల్సి వచ్చింది. పీఠానికీ బండకూ మధ్య మామూలు ఇనుప చువ్వలు పెట్టబోయారు. అవి తుప్పుపట్టి ఉబ్బితే 3 అంగుళాల బండ నిలువునా చీలుతుంది. రెండు స్టెయిన్‌లెస్ స్టీలు చువ్వలు, ఎపాక్సీతో బిగించాలని రాసి ఇవ్వండి.

ఏప్రిల్ 14కు నిలబడాలంటే మాటర్ జనవరిలో ఇవ్వాలి. ప్రింటు రెండుసార్లు దిద్దడానికి, ముక్క రాయి పరీక్షకు, పునాదిని కనీసం రెండు వారాలు తడపడానికి ఆ వ్యవధి కావాలి.