రిలాక్సర్ మానేశాక: ఒకేసారి కత్తిరించాలా, మెల్లగా పెంచుకోవాలా?

అమెరికాలో నల్లజాతి ఆడవాళ్లు రిలాక్సర్ (రింగుల జుట్టును తిన్నగా చేసే రసాయన క్రీము) వదిలి సొంత రింగుల జుట్టుకు రావాలంటే దారులు రెండు: రిలాక్సర్ పట్టిన జుట్టంతా ఒకేసారి కత్తిరించే బిగ్ చాప్, కొత్త జుట్టు పెరిగేకొద్దీ పాత చివర్లను మెల్లగా తీసేసే ట్రాన్సిషన్.

ఖర్చు: చాప్‌కు ఒక్క కత్తిరింపు చాలు. ట్రాన్సిషన్‌లో జడలకూ ట్విస్టులకూ (రెండేసి పాయల మెలికలకూ) సెలూన్‌కు వెళ్తే బిల్లు మళ్లీ మళ్లీ.

శ్రమ: చాప్ అయితే తలస్నానం తేలిక. రెండోదాంట్లో కుదుళ్ల దగ్గర బిగుతు చుట్టలు, చివర్లేమో తిన్నగా. రెండూ కలిసేచోట దువ్వెన తగిలితే పుటుక్కున తెగుతుంది. అసలు చిక్కంతా అక్కడే.

ధైర్యం: చాప్‌కు మొదటి వారాలే గండం. పెరిగేది నెలకు సుమారు అరంగుళం, ఆరాక ముడుచుకుని ఇంకా పొట్టిగా కనిపిస్తుంది. ట్రాన్సిషన్‌లో అద్దానికి అలవాటు పడే టైం ఉంటుంది.

సొంత జుట్టును ఆఫీసులో చిన్నచూపు చూస్తారేమోనన్న టెన్షన్ రెండింటికీ ఉంది. కాలిఫోర్నియా 2019లో జుట్టు వివక్షపై క్రౌన్ చట్టం తెచ్చింది.

చివర్లు పాడైపోయుంటే చాప్. పొడవు పోతే ఏడుపొస్తుందంటే ట్రాన్సిషన్, ఏడాది పైనే ఓపిక పట్టాలి.