మోహన రాగం వాయించడానికి నల్ల మెట్లా, తెల్ల మెట్లా?

పిల్లలకి కొత్తగా కీబోర్డు కొన్నవాళ్లూ, నలభై దాటాక సరదాకి పియానో మొదలుపెట్టినవాళ్లూ ఎవరు కలిసినా చివరికి ఇదే అడుగుతున్నారు. "మోహనం నల్ల మెట్ల మీద చాలా తేలికటగా, అక్కడే మొదలుపెట్టమంటారా? లేక మామూలుగా సి నుంచేనా?" పాశ్చాత్య సంగీతంలో మేజర్ పెంటాటోనిక్ అనే ఐదు స్వరాల వరసా మన మోహనమూ స్వరస్థానాల వరకు ఒకటే. స రి గ ప ద, అంతే. మ, ని ఉండవు. గమకాలు, అంటే స్వరాన్ని ఊపడం, జార్చడం, పియానో మీద ఎలాగూ పలకవు కాబట్టి ఆ గొడవ ఇక్కడ వద్దు.

ముందు నల్లవాటి సంగతి. మూడు నల్ల మెట్లు గుంపుగా ఉన్నచోట మొదటిది ఎఫ్ షార్ప్, సి ని ఒకటి అనుకునే మన లెక్కలో నాలుగున్నర శ్రుతి. దాన్ని స అనుకుంటే ఆ మూడూ స రి గ, తర్వాతి జంట ప ద. రెండు గుంపుల మధ్య కనిపించే ఖాళీలే మ, ని ఉండాల్సిన చోట్లు. మోహనం కోసమే కొలిచి చేసినట్టుంటుంది. నల్లవాటి మీద ఉన్నంతసేపు కళ్లు మూసుకుని వాయించినా అపస్వరం పడదు. ఏ రెండు స్వరాల మధ్యా అర్ధస్వరం (ఆనుకుని ఉన్న రెండు మెట్ల) దూరం లేదు కనుక రెండు మూడు కలిపి నొక్కినా చెవికి గుచ్చుకోదు. పిల్లల పియానో పుస్తకాలు చాలావాటిలో మొదటి పాఠాలు నల్ల మెట్ల మీదే ఉండటం ఊరికే కాదు.

నేనూ అలాగే మొదలుపెట్టాను. మూడు నెలలు నల్లవాటి మీదే తిరిగి, వచ్చేసిందనుకున్నాను. ఒక శుక్రవారం తెలిసినవాళ్లింట్లో భజన. పాడే ఆయనది ఒకటిన్నర శ్రుతి, అంటే సి షార్ప్. అదీ నల్ల మెట్టే కదా అని అక్కడ స పెట్టుకుని, అలవాటు కొద్దీ నల్లవన్నీ వరసగా వాయించుకుంటూ పోయాను. కాసేపటికే ఆయన పాట ఆపి, "బాబూ, శుద్ధ సావేరి ఎందుకొచ్చిందయ్యా మధ్యలో?" అన్నారు. ఒకటిన్నరలో మోహనానికి గ తెల్ల మెట్టు మీద పడుతుంది. నేను దాన్ని వదిలేసి పక్కనున్న నల్లది నొక్కాను. అది మ. అవే ఐదు మెట్లు, స మారేసరికి రాగమే మారిపోయింది. ఇలా స మారితే రాగం మారడాన్నే గ్రహభేదం అంటారని అంతకుముందు చదివాను గానీ, అర్థమైంది మాత్రం ఆ రోజు, పదిమంది ముందు.

నన్నడిగితే తేల్చాల్సింది ఇక్కడే. మోహనంలో కష్టమంతా మ, ని దాటడంలోనే ఉంది. నల్ల మెట్ల మీద ఆ పని మన బదులు పియానోయే చేసిపెడుతుంది. తప్పు పడే వీలే లేనప్పుడు చెవికి పనేముంది? సి నుంచి మొదలుపెడితే సి, డి, ఇ, జి, ఎ అన్నీ తెల్లవే, కానీ ఎఫ్, బి కూడా అదే వరసలో పక్కనే కాచుకుని కూర్చుంటాయి. వేలు ప్రతిసారీ వాటిని గుర్తుపెట్టుకుని దాటాలి. మొదటి వారం పదిసార్లు మ పడుతుంది, చిరాకేస్తుంది. మోహనంలో పిల్లలు మొదట్లో నేర్చుకునే వరవీణా గీతం ఎత్తుగడే చూడండి: గగ పాపా, దప సాసా. మొదటి అడుగులోనే మ మీదుగా దూకాలి. ఆ దూకడం చెవికి తెలిసి వాయిస్తే రేపు ఏ శ్రుతిలోనైనా దాన్ని వెతుక్కోగలరు.

ఇంకొకటి. మొదటి పాఠాలైన సరళీ స్వరాలు సి లో వాయించిన పిల్లలకి, వాటి రాగమైన మాయామాళవగౌళ అక్కడే చేతిలో ఉంటుంది. దాన్నుంచి మోహనానికి వస్తే స, గ, ప కదలవు. రి, ద పక్క తెల్ల మెట్టుకి జరుగుతాయి, మ, ని పోతాయి. కొత్త రాగం పాతదాని పక్కనే కనిపిస్తుంది.

వేళ్ల విషయంలోనూ నా ఓటు తెల్లవాటికే. కుడిచేత్తో స రి గ కి ఒకటి, రెండు, మూడు వేళ్లు. బొటనవేలు కిందినుంచి తెచ్చి ప మీద పెడితే ప ద స కి మళ్లీ ఒకటి, రెండు, మూడు. ఎడమచేతికి ఇదే తిరగేసి: మూడు, రెండు, ఒకటి, మళ్లీ మూడు, రెండు, ఒకటి. నల్లవాటి మీద బొటనవేలికి పనే దొరకదు. ఎఫ్ షార్ప్ మేజర్ పూర్తి స్కేలు వాయించేటప్పుడు బొటనవేలు పడేది సరిగ్గా మ, ని మీదే, మోహనంలో అవి లేవు. అందుకని చెయ్యి గుంపు నుంచి గుంపుకి గెంతుతుంది, స్వరాలు తెగుతాయి. పెడల్ తొక్కి అతికించొచ్చు, కానీ మొదట్లోనే పెడల్ అలవాటు చేసుకోవడం నాకు నచ్చదు.

నొక్కితే కీబోర్డే శ్రుతి మార్చేసే ట్రాన్స్‌పోజ్ బటన్ గురించి కూడా అడుగుతుంటారు. కచేరీ రోజున వాడుకోండి, నేర్చుకునేటప్పుడు దాని జోలికి పోకండి.

ఐదేళ్ల పిల్లలైతే వేరే మాట. వాళ్లని నల్లవాటి మీద వదిలేయండి, ఆడుకుంటారు. గీతం ఎత్తుకున్న రోజున మాత్రం సి కి దింపండి. అది కుదిరాక జి, ఆ తర్వాత ఎఫ్. ఆ రెండు చోట్లా కూడా మోహనం మొత్తం తెల్లవాటి మీదే పడుతుంది, కానీ దాటాల్సిన మెట్లు మారతాయి. ఎఫ్ లో అయితే మ నల్లదే, కానీ గ, ప ల మధ్య బి తెల్ల మెట్టు ఉంటుంది, దాన్నీ, ని నీ చూసుకుని దాటాలి. ఆ తర్వాత ఒకటిన్నర. అక్కడ గ తెల్లది, నాలా మర్చిపోకండి.