బుద్ధవనంలో సాయంత్రం, నాగార్జునకొండపై ఉదయం

నల్లగొండ జిల్లాలో ఎవరినైనా నాగార్జునసాగర్ వెళ్లి ఏం చూశారని అడగండి, గేట్లు చూశామంటారు. ఎగువ నుంచి శ్రీశైలం నీళ్లు దిగి, జలాశయం మట్టం 590 అడుగులకు చేరువై, ఇరవై ఆరు గేట్లలో కొన్నింటిని ఎత్తారని వార్త వస్తే చాలు, హాలియా దాటిన దగ్గర నుంచి కార్లు, ఆటోలు, బైకులు బారులు తీరతాయి. నురగలు కక్కుతూ దూకే కృష్ణను చూడడం గొప్ప సంగతే, కాదనను. కానీ వంతెన మీద ఫొటో దిగి, వేయించిన చేప తిని, చీకటి పడేలోగా తిరుగు ప్రయాణం కట్టి, సాగర్ చూసేశామనుకునే వాళ్లను తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది. ఆ నీళ్ల పక్కనే ఎత్తు మీద బుద్ధవనం ఉంది. ఆ నీళ్ల నడుమ నాగార్జునకొండ ఉంది. ఒకదాన్ని సాయంత్రం, ఇంకోదాన్ని మర్నాడు ఉదయం చూడాలి. ఇదే వరుసలో చూడాలి. ఎందుకో చెబుతాను.

మేము కార్తీక మాసంలో వెళ్లాం. అప్పటికి వరద తగ్గుతుంది, జలాశయంలో మాత్రం నీళ్లు నిండుగానే ఉంటాయి. గేట్ల కోసం వచ్చే జనం ఉండరు, ఎండ మాడ్చదు. నల్లగొండ నుంచి సాగర్ 60 కిలోమీటర్లకు కాస్త పైన ఉంటుంది, హైదరాబాద్ నుంచి వచ్చే వాళ్లకు దాదాపు 150. బత్తాయి తోటలు దాటి ఎడమ కాలువ కిందికి రాగానే నేల రంగే మారిపోతుంది. ఎటు చూసినా కోతకొచ్చిన వరి, రోడ్డు అంచున ఆరబోసిన వడ్లు. మా అత్తమ్మది ఆయకట్టు ఊరే. "కాలువ రాకముందు మా ఇంట్లో పండగ పూటే వరి అన్నం, మిగతా రోజులు జొన్న గట్కనే" అని పిల్లలకు చెప్పింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన ఆనకట్ట నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. అత్తమ్మ అప్పటికి చిన్నపిల్ల. ఆ ఏడాది ఊళ్లో జరిగిన సంబరం ఆమెకు ఇంకా గుర్తుంది.

ఇక బుద్ధవనం. 274 ఎకరాల్లో రాష్ట్ర పర్యాటక శాఖ తీర్చిదిద్దిన ఈ వనాన్ని 2022 మే 14న ప్రారంభించారు. శ్రీపర్వతారామం అని దీనికి ఇంకో పేరు. నాగార్జునకొండ లోయను శాసనాల్లో శ్రీపర్వతం అన్నారు కాబట్టి ఆ పేరు చక్కగా అతికింది. సాయంత్రం నాలుగు లోపే లోపల ఉండండి. మూసే వేళ ఎప్పుడో గేటు దగ్గరే అడిగి తెలుసుకుంటే మంచిది, ఎందుకంటే రెండు గంటలైనా లేకపోతే ఈ తోటకు న్యాయం చేయలేరు. నడక ఎక్కువ, నీడ తక్కువ. పెద్దవాళ్లుంటే మధ్యాహ్నం వేళ అసలు వద్దు.

మొదట బుద్ధచరిత వనం. బుద్ధుడి జీవితంలోని పుట్టుక, ఇల్లు విడవడం, జ్ఞానోదయం, మొదటి బోధ, నిర్యాణం అనే అయిదు ఘట్టాలు ఇక్కడ శిల్పాలుగా నిలిచాయి. ఈ అయిదింటినీ గుర్తు పెట్టుకోమని పిల్లలకు ముందే చెప్పండి, మర్నాడు కొండ మీద పనికొస్తాయి.

నన్ను ఎక్కువ సేపు ఆపింది జాతక వనం. బుద్ధుడి పూర్వజన్మల కథలైన జాతకాల్లో నలభైని శిల్ప ఫలకాలుగా మలిచి, దారి పొడవునా నిలబెట్టారు. బోధిసత్వుడు ఏనుగుగా, కోతిగా, లేడిగా, రాజుగా పుట్టి తన ప్రాణాన్ని ఇతరుల కోసం ఇవ్వబోయే కథలు. ఆంధ్ర శిల్పుల పాత పద్ధతిలోనే ఒక్కో ఫలకంలో రెండు మూడు సన్నివేశాలు ఇమిడి ఉంటాయి. ఒకే మనిషి ఒక మూల కూర్చుని ఉంటాడు, ఇంకో మూల నడుస్తుంటాడు. మొదట్లో పిల్లలకు అది అర్థం కాలేదు, ఇద్దరు రాజులున్నారని వాదించారు. నాలుగైదు ఫలకాలు దాటాక వాళ్లే చూపించడం మొదలుపెట్టారు, "ఇక్కడ కథ మొదలైంది నానమ్మా, ఇక్కడ అయిపోయింది" అని. అత్తమ్మ చదువుకోలేదు. కానీ రాతిలో ఉన్న కథ చదవడానికి అక్షరాలు అక్కర్లేదు. పావురం కోసం తొడ కోసి తూకం వేసిన శిబి కథ ఆమె తన తల్లి దగ్గర విన్నదే. అది బుద్ధుడి పూర్వజన్మ కథగానూ చెబుతారని తెలిసి ఎంతో సంతోషించింది. ఫలకాల పక్కన ఉన్న వివరాలు చదివి వినిపించడానికి ఎవరో ఒకరు ఓపిక చేసుకోవాలి. ఆ ఓపిక లేనివాళ్లు ఈ తోటలో పావుగంటలో బయటపడతారు, బయటపడి ఏమీ లేదంటారు.

స్తూప వనంలో దేశ విదేశాల స్తూపాల నమూనాలున్నాయి. చూడ ముచ్చటగా ఉంటాయి, అక్కడ ఎక్కువ సేపు గడపనక్కర్లేదు. శ్రీలంకలోని అవుకనలో ఉన్న పాత బుద్ధ విగ్రహానికి ఆ దేశ ప్రభుత్వం ఇచ్చిన ప్రతిరూపం 27 అడుగుల ఎత్తున నిలబడి ఉంటుంది. దాని దగ్గర మాత్రం కాసేపు ఊరికే నిలబడండి. అభయమిచ్చే కుడి చెయ్యి, భుజం మీద నుంచి జారే అంగీ మడతలు వెలుగు వాలుతున్న కొద్దీ ఇంకా స్పష్టంగా తెలుస్తాయి.

చివరికి మహాస్తూపం. 42 మీటర్ల వ్యాసం, 21 మీటర్ల ఎత్తు. అమరావతి మహాస్తూపం ఇవాళ ఒక మట్టి దిబ్బ, దాని శిల్పాలు చెన్నైలో కొన్ని, లండన్‌లో కొన్ని ఉన్నాయి. అది నిలిచి ఉన్న రోజుల్లో ఎలా ఉండేదో మనం పుస్తకాల్లో బొమ్మ చూసి ఊహించుకోవాల్సిందే. ఆ ఊహకు ఇక్కడ ఒక ఆకారం ఇచ్చారు. కొత్త కట్టడం కదా, దీనికి చరిత్ర ఏముందని కొందరు పెదవి విరుస్తారు. నేను ఒప్పుకోను. పగిలిన పలకలు మాత్రమే మిగిలిన చోట, మొత్తం రూపం ఎలా ఉండేదో ఒక్కసారైనా కళ్లారా చూడడం మన పిల్లలకు అవసరం. స్తూపం చుట్టూ ప్రదక్షిణంగా నడిచి, గుమ్మటం లోపల కూర్చున్న బంగారు రంగు బుద్ధ విగ్రహాలను చూసి బయటికొచ్చేసరికి జలాశయం మీద సూర్యుడు దిగుతున్నాడు. అవతల నల్లమల కొండలు, మధ్యలో ఎక్కడా అల లేని కృష్ణ. నది అంటే పారేది అనుకునే పిల్లలకు ఈ నిలిచిన కృష్ణ సముద్రంలా తోచింది. పేరులోనే సాగరం ఉంది కదా అంది అత్తమ్మ.

బస గురించి చెప్పాలి. హిల్ కాలనీ ఆనకట్ట కట్టే రోజుల్లో ఉద్యోగుల కోసం వెలసిన ఊరు. ఇప్పుడది, కింది పైలాన్ కాలనీ కలిసి నందికొండ పురపాలికలో భాగం. పాత క్వార్టర్లు, వాటి ముందు ముదిరిన చెట్లు, సాయంత్రం ఏడు దాటితే నిర్మానుష్యమయ్యే వీధులు. ఇక్కడ పర్యాటక శాఖ విజయ విహార్ జలాశయానికి ఎదురుగా ఉంటుంది. నీళ్ల వైపు గదులకే గిరాకీ ఎక్కువ, శని, ఆదివారాల్లో అయితే ముందే గది ఖాయం చేసుకోవాలి. మేము ఖర్చు తగ్గుతుందని ఒక చిన్న లాడ్జిలో దిగాం. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, మంచినీళ్లు అడగకుండానే తెచ్చి పెట్టారు. వేడినీళ్లు మాత్రం రెండుసార్లు గుర్తు చేస్తేగానీ రాలేదు, కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. రాత్రి పడుకోవడానికే అయితే ఫరవాలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఒక పూట భోజనం ఖర్చు తగ్గించుకునైనా నీళ్లు కనిపించే గది తీసుకోమంటాను. తెల్లవారుజామున లేచే అలవాటున్న మా అత్తమ్మ ఆ గోడను చూస్తూ కూర్చోవడం నాకు నచ్చలేదు.

తిండికి లోటు లేదు. సాగర్ చేపలకు పేరు. మసాలా పట్టించి పెనం మీద వేయించి ఇచ్చే బండ్లు రోడ్డు వెంట ఉంటాయి. ముందు ఏ చేపో అడిగి, ధర మాట్లాడుకుని, మన కళ్లముందే వేయించమనాలి. శాకాహారులకు హోటళ్లలో పప్పు, కూర, పెరుగుతో మామూలు భోజనం దొరుకుతుంది. అంతకు మించి ఆశించకండి.

నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఇది మరిచిపోవద్దు. లాంచీలు తెలంగాణ వైపు నుంచీ, వంతెన దాటి ఆంధ్ర వైపు విజయపురి సౌత్ నుంచీ నడుస్తాయి. నీటిమట్టాన్ని బట్టి, వచ్చిన జనాన్ని బట్టి బయలుదేరే వేళలు మారుతుంటాయి, కాబట్టి ముందు రోజు సాయంత్రమే ఆరా తీయండి. మొదటి లాంచీ ఎక్కడం అన్నిటికన్నా మేలు. సుమారు గంట ప్రయాణం. లాంచీ మెల్లగా పోతుంటే కింద ఏముందో పిల్లలకు చెప్పాను. మూడో శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఈ నీళ్ల కింద ఉంది. వీధులు, విహారాలు, కోనేర్లు, ఘాట్లు. ఆనకట్ట కడితే అంతా మునుగుతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ లోయనంతా తవ్వింది. తొమ్మిది కట్టడాలను రాయి రాయి విప్పి తెచ్చి ఈ కొండ మీద తిరిగి నిలబెట్టారు. లోయలో ఒక కొండగా ఉన్నది ఇప్పుడు ద్వీపం.

మ్యూజియంలో ముందుగా మునిగిన లోయ నమూనా దగ్గరికి వెళ్లండి. ఎక్కడ కోట, ఎక్కడ స్తూపం, ఎక్కడ నది అన్నీ తెలుస్తాయి. ఆ తర్వాత శిల్పాలు. తల లేని విగ్రహాలు, సగం విరిగిన పలకలు, అంచు ఊడిన ఫలకాలు. ముందు రోజు సాయంత్రం బుద్ధవనంలో నడవకపోయి ఉంటే మా పిల్లలు వీటి ముందు నుంచి పరుగెత్తుకుపోయేవాళ్లు. ఇప్పుడు ఒక్కో పలక ముందు ఆగి, గుర్రం ఎక్కి వెళ్తున్నది సిద్ధార్థుడేనా, చెట్టు కొమ్మ పట్టుకున్నది మాయాదేవేనా అని అడిగారు. కథ తెలిసిన వాళ్లకు విరిగిన రాయి కూడా పూర్తిగా కనిపిస్తుంది. వరుస మారకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే. పాలరంగులో కాస్త పచ్చదనం కలిసినట్టుండే ఆ పల్నాటి సున్నపురాయి మీద శిల్పి ఉలి ఎంత మెత్తగా నడిచిందో దగ్గరి నుంచి చూడాలి. నిలువెత్తు కన్నా పెద్దదైన బుద్ధ విగ్రహం ముందు ఎవరూ చెప్పకుండానే అందరి గొంతులూ తగ్గిపోయాయి.

ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ఇక్కడి మహాచైత్యాన్ని, అంటే పెద్ద స్తూపాన్ని, కట్టించింది ఒక స్త్రీ. ఇక్ష్వాకు వంశానికి మొదటి రాజైన శాంతమూలుడి చెల్లెలు శాంతిశ్రీ. అన్న అశ్వమేధం చేసిన వైదికుడు, చెల్లెలు బుద్ధుడి ధాతువు (అవశేషం) మీద చైత్యం నిలిపిన ఉపాసిక. ఆమె ఒక్కతే కాదు, ఆ ఇంటి ఆడవాళ్లు చాలామంది దానాలు చేసి తమ పేర్లు రాతి స్తంభాల మీద చెక్కించుకున్నారు. పదిహేడు వందల ఏళ్ల కిందట మన జిల్లా పక్కనే ఆడవాళ్లు తమ సొంత పేర్లతో ఇంత పని చేశారని అత్తమ్మకు చెబితే, "ఆమె పేరు ఇంకోసారి చెప్పు" అంది. మహాచైత్యానికి నాలుగు దిక్కులా ముందుకు వచ్చిన వేదికల మీద అయిదేసి స్తంభాలుండేవి, వాటిని ఆయక స్తంభాలంటారు. అయిదెందుకని అడిగితే చిన్నవాడు వేళ్లు లెక్కపెట్టి నిన్నటి అయిదు ఘట్టాలూ చెప్పాడు.

ద్వీపం మీద ఉండనిచ్చే సమయం చాలదు. మ్యూజియం, తిరిగి కట్టిన విహారాలు, ఘాటు అన్నీ చూడాలంటే రెండు గంటలు కావాలి. తర్వాతి లాంచీలో వెనక్కి రానిస్తారా అని టికెట్ తీసుకునేటప్పుడే అడగండి. తాగే నీళ్లు, పిల్లలకు చిరుతిండి వెంట ఉంచుకోండి.

ఎత్తిపోతల గురించి చాలామంది అడుగుతారు. ఆనకట్ట నుంచి పదకొండు కిలోమీటర్లు, ఆంధ్ర వైపు. చంద్రవంక వాగు 70 అడుగుల నుంచి దూకుతుంది. వానాకాలం తర్వాత బాగుంటుంది, ఎండాకాలంలో వెళ్లి నిరాశ పడకండి. అనుపులో తిరిగి నిలబెట్టిన పాత రంగస్థలం కూడా అటువైపే. రెండింట్లో ఒకటే వీలైతే నేను అనుపుకే వెళ్తాను.

కొల్లాపూర్ దగ్గరి సోమశిలతో పోల్చి ఏది మేలని మా మహబూబ్‌నగర్ బంధువులు అడిగారు. నీళ్ల అందం ఒక్కటే కావాలంటే సోమశిలకే నా ఓటు. కృష్ణ అక్కడ కొండల మధ్య ఇంకా వంపులు తిరుగుతుంది, జనం తక్కువ. కానీ స్కూలుకు వెళ్లే పిల్లలు, కథలు వినే పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే సాగర్‌కే రండి, శుక్రవారం తప్పించి, ఒక రాత్రి అక్కడే ఉండేలా.