ఫ్యాన్ లేనిదా, ఫ్యాన్ ఉండీ అరవనిదా?

ఇంట్లో అందరూ పడుకున్నాక పని చేసుకోవాలి, లినక్స్ (విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకోవాలి, చప్పుడు ఉండకూడదు. సెకండ్‌హ్యాండ్‌లో ఇలాంటి ల్యాప్‌టాప్ కావాలనుకునేవాళ్లు ముందు ఫ్యాన్ లేని మోడళ్లే వెతుకుతారు. విశాఖ ఉక్కపోతలో మాత్రం కాస్త ఆలోచించాలి.

డెల్ లాటిట్యూడ్ 7370నే చూడండి. 2016 నాటి మోడల్. అందులోని కోర్ ఎం ప్రాసెసర్ 4.5 వాట్లది కాబట్టి ఫ్యాన్ అక్కర్లేదు, వేడి బాడీ గుండానే బయటికి పోతుంది. చప్పుడన్నదే ఉండదు. కానీ మే నెలలో ఏసీ లేని గదిలో గాలే ఉడికిపోతుంటే ఆ వేడి ఎక్కడికి పోతుంది? ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. రాతపనికి, మెయిల్‌కి ఇబ్బంది లేదు. వీడియో కాల్ నడుస్తుండగా నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే నత్తనడకే. ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, పెంచుకోలేం. విండోస్ 11 అధికారికంగా దీనికి లేదు. లినక్స్ వాడేవాళ్లకు ఆ టెన్షనే లేదు, పైగా ధర బేరమాడటానికి పనికొస్తుంది.

థింక్‌ప్యాడ్ టీ480 (2018)కి ఫ్యాన్ ఉంది. అయినా నా ఓటు దీనికే. ఐ5-8250యూ 15 వాట్ల చిప్, నాలుగు కోర్లు. దుమ్ము దులిపించి, థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని బయటికి అందించే పూత) మార్పించి, టీఎల్‌పీ (లినక్స్‌లో కరెంటు ఆదా చేసే ప్రోగ్రామ్) వేసి టర్బో (ప్రాసెసర్ వేగాన్ని తాత్కాలికంగా పెంచే ఏర్పాటు) ఆపేస్తే మామూలు పనికి ఫ్యాన్ తిరిగేదే తక్కువ. తిరిగినా సీలింగ్ ఫ్యాన్ హోరులో వినిపించదు. పెద్ద పని పడిన రోజు టర్బో మళ్లీ వేసుకోవచ్చు. 7370లో టర్బో ఉన్నా, ఆ వేడిని లాగేసే ఫ్యాన్ ఎక్కడిది? రెండు ర్యామ్ స్లాట్లున్నాయి. ఫ్యాన్ అరిగి గరగరమంటే విడిగా మార్పించుకోవచ్చు. ఎంఎక్స్150 గ్రాఫిక్స్ ఉన్న రకం మాత్రం వద్దు, అదనపు వేడి.

మ్యాక్‌బుక్ ఎయిర్ ఎం1కీ ఫ్యాన్ లేదు, వేగంలో ఈ రెంటినీ మించింది. ఆపిల్ చిప్‌ల మ్యాక్‌ల కోసం చేసిన లినక్స్, ఫెడోరా అసాహీ రీమిక్స్, 2023 డిసెంబర్‌లోనే వచ్చింది, కానీ టచ్ ఐడీ (వేలిముద్ర) అందులో పనిచేయదు. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ రెండూ బోర్డుకే. లినక్స్ కోసమే అంత డబ్బు పెట్టడం నాకు నచ్చదు.

ఏది కొన్నా షాపులోనే లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే లినక్స్ నడిపే పెన్‌డ్రైవ్) బూట్ చేసి వైఫై, సౌండ్, స్లీప్ చూడండి. లినక్స్‌లో ఒక రకమైన డెబియన్‌లో, 12వ వెర్షన్ నుంచి వైఫై ఫర్మ్‌వేర్ (వైఫై చిప్ నడవడానికి కావాల్సిన సాఫ్ట్‌వేర్) ఇన్‌స్టాలర్‌లోనే ఉంటోంది. బయాస్‌కి (ఆన్ చేయగానే ముందు నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్) పాత ఆఫీసు పాస్‌వర్డ్ ఉంటే ఆ ల్యాప్‌టాప్ ముట్టుకోవద్దు. సముద్రపు గాలికి యూఎస్‌బీ పోర్టులు, అడుగు స్క్రూలు తుప్పు పట్టాయేమో టార్చ్ వేసి చూడాలి. ఇక చప్పుడు సంగతి: విశాఖ ద్వారకానగర్ ఆటోల హారన్ల మధ్య ఏదైనా నిశ్శబ్దంగానే ఉంటుంది. లోపలి గదిలోకి తీసుకెళ్లి, కీబోర్డు దగ్గర చెవి పెట్టి వినండి. కొన్ని బోర్డులు ఫ్యాన్ ఆగినా సన్నగా కూస్తాయి. అది ఏ పేస్ట్‌తోనూ పోదు, అలాంటిదైతే అక్కడే వదిలేసి రండి.