సిగరెట్ మానేటప్పుడు పక్కన ఎవరుంటే మేలు?

సిగరెట్ మానేయాలని గట్టిగా అనుకున్నాక చాలామంది ముందు తేదీ వెతుకుతారు. పుట్టినరోజా, కొత్త సంవత్సరమా, వచ్చే సోమవారమా అని. నన్నడిగితే, తేదీ కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. ఈ సంగతి ఎవరి చెవిన వేయాలి? ఇంట్లోవాళ్ళకు చెప్పాలా, కలిసి దమ్ము కొట్టే స్నేహితుడికా, మానేస్తున్నవాళ్ళ గ్రూపులో చేరాలా, ఫోన్‌లో మాట్లాడే ముక్కూమొహం తెలియని కౌన్సెలర్‌కు చెప్పుకోవాలా? అసలు ఎవరికీ చెప్పకుండా గుట్టుగా మానేస్తే పోలేదా?

వీటిని పోల్చడానికి నేను పట్టుకున్న కొలత ఒక్కటే. మధ్యలో ఒకరోజు కాలు జారి సిగరెట్ ముట్టిస్తే, ఆ మాట దాచకుండా ఎవరికి చెప్పగలరు? ప్రోత్సహించేవాళ్ళకు మీమీద ఎంత ప్రేమ ఉందన్నది ఆ తర్వాతి ప్రశ్న.

గుట్టుగా మానేయడంలో ఒక సుఖముంది. ఓడిపోయినా ఎవరికీ తెలియదు. కానీ అంకెలు దీని పక్షాన లేవు. ఏ సాయమూ లేకుండా తమంతట తాము మానేసినవాళ్ళలో ఆరు నెలలో, ఏడాదో నిలబడేది నూటికి ముగ్గురు నుంచి అయిదుగురు. తిరిగి మొదలుపెట్టేవాళ్ళలో ఎక్కువమంది మొదటి ఎనిమిది రోజుల్లోనే మొదలుపెడతారు. "మా బాబాయి ఎవరి సాయం లేకుండానే మానేశాడు కదా" అని మీరనవచ్చు. నిజమే, మానేసినవాళ్ళలో చాలామంది అలా మానేసినవాళ్ళే. ప్రయత్నించేవాళ్ళలో ఎక్కువమంది ఆ దారినే పడతారు కాబట్టి, గెలిచినవాళ్ళూ అక్కడే ఎక్కువ కనిపిస్తారు. ఆ దారిలో ఓడినవాళ్ళ కథ మాత్రం ఎవరూ చెప్పుకోరు.

ఆ మొదటి వారం ఎందుకంత కష్టమో తెలిస్తే ఎలాంటి మనిషి కావాలో కూడా తెలుస్తుంది. దమ్ము లాగాక కొన్ని సెకన్లలోనే నికోటిన్ మెదడుకు చేరుతుంది. అది ఆగిపోయినప్పుడు వచ్చే చిరాకు, నిద్ర పట్టకపోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం మొదటి రెండు మూడు రోజుల్లో తారస్థాయికి వెళ్ళి, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతాయి. నాలుక పీకడం కూడా రోజంతా ఒకే తీరుగా ఉండదు. వస్తుంది, కొన్ని నిమిషాలు ఊపేస్తుంది, పోతుంది. ఆ కొన్ని నిమిషాలకే మనిషి కావాలి.

అందరికీ మొదట తట్టేది ఇల్లు. భార్యో భర్తో పక్కనుంటే ఇంకేం కావాలి అనిపిస్తుంది. నిజానికి లెక్క ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఇంట్లోవాళ్ళు, దగ్గరివాళ్ళు ఎలా అండగా ఉండాలో నేర్పిస్తే మానేసేవాళ్ళు పెరుగుతారా అని పరిశీలించిన ప్రయోగాలన్నిటినీ, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2018లో ఒకచోట చేర్చి చూసింది. చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అలాగని ఇంట్లోవాళ్ళ తీరుకు విలువ లేదని కాదు. షెల్డన్ కోహెన్, ఎడ్వర్డ్ లిక్టెన్‌స్టైన్ 1990లో చేసిన పరిశోధనలో, సాధింపుల కన్నా మెచ్చుకోళ్ళు ఎక్కువగా ఉన్న ఇళ్ళలోనే మానేసినవాళ్ళు బాగా నిలబడ్డారు. అంటే తీరు ముఖ్యమే. శిక్షణ ఇచ్చి దాన్ని మార్చడమే కష్టం.

ఎందుకు కష్టమో ఆలోచించండి. మానేసిన నాలుగో రోజున ఇంటికి రాగానే చొక్కా వాసన చూసేది ఎవరు? "ఏదీ, ఊదు" అనేది ఎవరు? "పిల్లల మొహం చూసైనా మానలేవా" అని అడిగేది ఎవరు? మనమీద అందరికన్నా ఎక్కువ భయమున్న మనిషే. ఆ భయం తప్పు కాదు. కానీ ఆ ఒక్క ప్రశ్నతో ఇద్దరి పాత్రలూ మారిపోతాయి. ఒకరు పోలీసు, ఒకరు దొంగ. ఇక ఆ దొంగ ఒక సిగరెట్ కాల్చిన రోజున ఏం చేస్తాడు? చేతులు కడుక్కుంటాడు, నోట్లో ఏదో వేసుకుంటాడు, మెట్లమీద కాసేపు నిలబడి వస్తాడు. కాల్చింది ఒకటే. దాన్ని దాచడానికి పడిన పాటు వల్ల అది పెద్ద నేరమై కూర్చుంటుంది. "ఎలాగూ చెడింది కదా" అనే మాట అక్కడ పుడుతుంది. ఒక్క జారుపాటును పూర్తి ఓటమిగా మార్చేది ఎక్కువగా ఈ తప్పుచేశానన్న భావమేనని మనస్తత్వవేత్త అలన్ మార్లాట్ ఏనాడో చెప్పాడు.

అదే ఇంట్లో ఇద్దరూ కాల్చేవాళ్ళయి, ఇద్దరూ కలిసి మానేస్తే మాత్రం కథ పూర్తిగా వేరు. ఇంగ్లండ్‌లో నడివయసు దాటిన జంటలను ఏళ్ళ తరబడి గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, భర్త కూడా అదే సమయంలో మానేసినప్పుడు పొగతాగే స్త్రీలలో సగంమంది మానేశారు. భర్త కాలుస్తూనే ఉన్నచోట అది నూటికి 8. అసలు సంగతి మూడో అంకెలో ఉంది. భర్తకు ముందునుంచే అలవాటు లేనిచోట నూటికి 17 మందే. అలవాటు లేనివాళ్ళ మంచి ఉదాహరణ కన్నా, అదే యాతన పడుతున్నవాళ్ళ తోడు ఎక్కువ పనిచేసిందన్నమాట. అసలు కలిసి నిర్ణయించుకున్న జంటల్లో పట్టుదల మొదటినుంచీ ఎక్కువే ఉండి ఉండవచ్చు, కాబట్టి ఆ సగమంతా తోడు మహిమే అనలేం. అయినా తేడా చిన్నది కాదు.

స్నేహితుల విషయంలోనూ ఇదే జాడ కనిపిస్తుంది. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ గుండె అధ్యయనంలో ఉన్న 12,067 మంది బంధుత్వాలను, స్నేహాలను 1971 నుంచి 2003 దాకా పరిశీలించి నికొలస్ క్రిస్టాకిస్, జేమ్స్ ఫౌలర్ 2008లో ఒక లెక్క తేల్చారు. జీవిత భాగస్వామి మానేస్తే మనం కాల్చే అవకాశం 67 శాతం తగ్గింది, స్నేహితుడు మానేస్తే 36 శాతం, తోబుట్టువు మానేస్తే 25 శాతం. చిన్న ఆఫీసుల్లో తోటి ఉద్యోగి మానేసినా 34 శాతం. సొంత అన్నదమ్ముల కన్నా పక్క కుర్చీలోని మనిషి ప్రభావమే ఎక్కువ. విరామం దొరికినప్పుడల్లా కలిసి బయటికి వెళ్ళేది ఎవరితోనో గుర్తుచేసుకుంటే ఇందులో వింతేమీ కనిపించదు.

కలిసి మానేసే స్నేహితుడితో జారుపాటు గురించి మాట్లాడటం తేలిక. అతనూ నిన్ననో మొన్ననో అంచుదాకా వెళ్ళి వచ్చినవాడే. ప్రమాదం కూడా అక్కడే ఉంది. ఒకరు ముట్టిస్తే రెండోవాడు "సరే, నాకూ ఒకటి" అంటాడు. జంటగా మానేయడం జంటగా మొదలుపెట్టడంతో ముగుస్తుంది. అందుకే మొదటిరోజే ఒక ఒప్పందం చేసుకోవాలి: నువ్వు జారితే నాకు ఫోన్ చెయ్యి, నేను మాత్రం నీతో కలిసి కాల్చను. ఇక మానే ఉద్దేశమే లేని స్నేహితుడి నుంచి ప్రోత్సాహం ఆశించకండి. నా ముందు పెట్టె చాపకు అని అడిగితే చాలు. ఆ మాత్రం చేసినా అతను పెద్ద సాయం చేసినట్టే.

గ్రూపుల సంగతికొస్తే, పుస్తకాలో కరపత్రాలో చదివి సొంతంగా మానేసేవాళ్ళతో పోలిస్తే గ్రూపులో చేరినవాళ్ళు నిలబడే అవకాశం దాదాపు రెట్టింపు. ఒక్కరితో ఒక్కరు మాట్లాడే కౌన్సెలింగ్ కన్నా గ్రూపు మేలని మాత్రం రుజువు కాలేదు. పోయిన వారం జారి ఈ వారం మళ్ళీ వచ్చి కూర్చున్న మనిషిని కళ్ళారా చూడటం గ్రూపులోనే దొరుకుతుంది. కాకపోతే నాలుక పీకేది వారం వారం జరిగే సమావేశం చూసుకుని కాదు.

అందరూ తేలిగ్గా తీసేసేది ఫోన్‌నీ, మెసేజ్‌లనీ. "మెసేజ్ చూసి ఎవడైనా సిగరెట్ మానేస్తాడా" అంటారు. బ్రిటన్‌లో 5,800 మందితో చేసిన ప్రయోగం ఫలితాలు 2011లో వచ్చాయి. ధైర్యం చెప్పే మెసేజ్‌లు అందుకున్నవాళ్ళలో ఆరు నెలలు నిలబడినవాళ్ళు 10.7 శాతం, మామూలు మెసేజ్‌లు అందుకున్నవాళ్ళలో 4.9 శాతం. మాట మీద నమ్మకుండా పరీక్షలతో తేల్చిన అంకెలివి. నాకు నచ్చింది ఆ ఏర్పాటులోని ఒక చిన్న విషయం. నాలుక పీకుతున్నప్పుడు ఒక మాట, జారిపోయినప్పుడు ఇంకో మాట టైప్ చేసి పంపితే వెంటనే జవాబు వచ్చేది. అంటే "కాల్చేశాను" అని చెప్పుకోవడానికి అర్ధరాత్రి కూడా ఒక చోటుంది, అక్కడ మొహం మాడ్చుకునేవాళ్ళు లేరు. ఫోన్ కౌన్సెలర్ విషయమూ అంతే. ముఖ్యంగా వాళ్ళే తిరిగి రెండు మూడుసార్లు ఫోన్ చేసి పలకరించే పద్ధతిలో మానేసి నిలబడేవాళ్ళు నూటికి 7 నుంచి 10 అయ్యారు. పెద్ద పెరుగుదల కాదు, నిజమే. కానీ ముక్కూమొహం తెలియని మనిషికి అబద్ధం చెప్పి మనం సాధించేదేమీ లేదు, అందుకే నిజమే చెబుతాం.

పదిమందికీ చాటి చెప్పడం, పందేలు కట్టడం గురించి ఎక్కువ చెప్పను. మొదటిరోజు చప్పట్లు కొట్టినవాళ్ళు పదో రోజున గుర్తుంచుకోరు. పందెం విషయంలో అమెరికా ప్రయోగమొకటి (2015) తమాషాగా ఉంటుంది. మానేస్తే బహుమతి ఇస్తామంటే నూటికి 90 మంది సరేనన్నారు. మీ సొంత డబ్బు కొంత కట్టండి, మానేస్తేనే తిరిగిస్తాం అంటే 14 మంది కూడా ముందుకు రాలేదు. వచ్చే ధైర్యం ఉన్నవాళ్ళకు మాత్రం అది బాగానే పనిచేసింది.

ఎవరు తోడున్నా డాక్టర్‌ను పక్కన పెట్టకండి. నికోటిన్ ప్యాచ్, గమ్ లాంటివి నిలబడే అవకాశాన్ని సుమారు ఒకటిన్నర రెట్లు చేస్తాయి, పైగా తోడు ఇచ్చే బలానికి ఇవి అడ్డు రావు.

నా ఓటు ఇలా పడుతుంది. ఇంట్లో ఇద్దరికీ అలవాటుంటే కలిసి మానేయడాన్ని మించింది లేదు. ఒక్కరికే ఉంటే, కలిసి మానేసే స్నేహితుడో సహోద్యోగో ముందు, దానికి జోడుగా ఫోన్ లేదా మెసేజ్‌లు. ఒంటరిగా ఉండేవాళ్ళకు ఆ రెండోదే మొదటిది. ఇంట్లోవాళ్ళకు వేరే పని అప్పగించండి: బూడిద గిన్నెలు, లైటర్లు కనబడకుండా తీసేయడం, రెండు వారాల చిరాకును పట్టించుకోకపోవడం, వాసన చూడకపోవడం. జారానని మీరే చెబితే "మళ్ళీనా?" అనకుండా "అప్పుడు ఎక్కడున్నావు, ఎవరితో ఉన్నావు?" అని అడగమనండి. ఆ జవాబు రేపటికి పనికొస్తుంది.

ఇదివరకే ఒకసారి మానేసి మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళయితే, అప్పుడు "లేదు, కాల్చలేదు" అని మొట్టమొదటి అబద్ధం ఎవరికి చెప్పారో గుర్తు తెచ్చుకోండి. ఈసారి కాపలా పని ఆ మనిషికి ఇవ్వకండి.