హైక్రాస్‌లో నికెల్, హైరైడర్‌లో లిథియం: ఒకే కంపెనీ, రెండు రకాల బ్యాటరీలు

మా ఇంట్లో రెండేళ్లుగా ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్ (పెట్రోలు ఇంజనుతోపాటు కరెంటు మోటారూ ఉండే కారు) వాడుతున్నాం; విజయవాడలో ఉండే మా తోడల్లుడు అర్బన్ క్రూయిజర్ హైరైడర్ హైబ్రిడ్ నడుపుతున్నాడు. రెండూ టొయోటావే, రెండూ బెంగళూరు దగ్గరి బిడదిలో తయారైనవే. అయినా మా కారులో ఉన్నది నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ, ఆయన కారులో ఉన్నది లిథియం అయాన్ బ్యాటరీ. కొనే ముందు వేరొక కంపెనీ షోరూములో ఒక కుర్రాడు, "నికెల్ అంటే పాత సరుకు సార్, సెల్‌ఫోన్లలో కూడా ఎప్పుడో మానేశారు" అని తేల్చేశాడు. ఫోన్ల సంగతి నిజమే కానీ, హైబ్రిడ్ కారు బ్యాటరీ చేసే పని వేరు.

ఫోన్ బ్యాటరీ రోజంతా కరెంటు దాచుకోవాలి, హైబ్రిడ్ బ్యాటరీకి ఆ అవసరం లేదు. బ్రేకు వేసినప్పుడు వచ్చిన శక్తిని గబగబా మింగి, సిగ్నల్ దగ్గర కారు కదిలేటప్పుడు మళ్లీ గబగబా కక్కడమే దాని పని. హైక్రాస్‌లో ఒక్కొక్కటి 1.2 వోల్టుల సెల్లు 168 ఉంటాయి, అంటే మొత్తం 201.6 వోల్టులు, నిల్వ సామర్థ్యం 1.3 కిలోవాట్ అవర్ల (కరెంటు బిల్లులో యూనిట్లంటామే, అవే) చిల్లర. హైరైడర్‌లో 177.6 వోల్టులు, 0.76 కిలోవాట్ అవర్లు. లిథియం సెల్ ఒక్కొక్కటి 3.7 వోల్టులు ఇస్తుంది కనుక అక్కడ 48 సెల్లతోనే పని జరిగిపోతుంది. 2020లో వచ్చిన, పూర్తిగా కరెంటుతోనే నడిచే మొదటి నెక్సాన్ ఈవీ బ్యాటరీయే 30.2 కిలోవాట్ అవర్లని గుర్తు చేసుకుంటే, ఈ రెండూ దాని ముందు ఎంత చిన్నవో తెలుస్తుంది. ఇంత చిన్న బ్యాటరీలో లిథియం వల్ల తగ్గే బరువు పది పదిహేను కిలోలే. టొయోటా వారి హైబ్రిడ్ కారు ప్రియస్ నాలుగో తరంలో నికెల్ ప్యాక్ సుమారు 40 కిలోలు, లిథియం ప్యాక్ సుమారు 25 కిలోలు తూగేవి.

కంపెనీ ఏ దేశంలో ఏ బ్యాటరీ పెట్టిందో చూస్తే ఈ లెక్క మరింత తేటపడుతుంది. 2011లో జపాన్‌లో వచ్చిన ప్రియస్ ఆల్ఫాలో ఐదు సీట్ల కారుకు నికెల్, ఏడు సీట్ల కారుకు లిథియం అమర్చారు. మూడో వరుసకు చోటు కావలసి వచ్చి, చిన్నదైన లిథియం ప్యాక్‌ను ముందు సీట్ల మధ్యనున్న కన్సోల్‌లో ఇమిడ్చారు. అదే కారు అమెరికాకు ఐదు సీట్లతో, నికెల్‌తో వెళ్లింది. యూరప్‌కు ఏడు సీట్లతో, లిథియంతో వెళ్లింది. 2018 మోడల్ క్యామ్రీకి అమెరికాలో తక్కువ ధర ఎల్ఈ రకంలో లిథియం, అంతకన్నా ఖరీదైన రకాల్లో నికెల్ ఇవ్వడం నాకు మరీ ఆశ్చర్యం కలిగించింది; తేలికైన ఎల్ఈతో మైలేజీ సంఖ్యను పైకి చూపించుకోవడం అక్కడ ముఖ్యమైంది. ఆ మరుసటి ఏడాది మంచు ప్రాంతాలవారి కోసం తెచ్చిన నాలుగు చక్రాల డ్రైవ్ ప్రియస్‌లో, చలికి బాగా తట్టుకుంటుందని నికెల్‌నే ఎంచుకున్నారు. డాలస్‌లో ఉండే మా మేనకోడలి సియెన్నాలో ఉన్నదీ నికెలే. 2021 మోడల్ నుంచి ఆ వ్యాన్ హైబ్రిడ్‌గా మాత్రమే దొరుకుతోంది.

పాత సరుకు అన్న మాటకు అసలైన జవాబు 2021లో జపాన్‌లో వచ్చిన టొయోటా చిన్న హైబ్రిడ్ కారు ఆక్వా. ప్రయాణికుల కారును నడిపించడానికి బైపోలార్ (ఒకే పలక ఒకవైపు ధన ధ్రువంగా, మరోవైపు రుణ ధ్రువంగా పనిచేసే) నికెల్ బ్యాటరీని ప్రపంచంలో మొదటిసారి దానిలోనే వాడారు. పాత ఆక్వా బ్యాటరీ కన్నా దాదాపు రెట్టింపు శక్తి నిచ్చే ఆ బ్యాటరీ పై రకాలకు దక్కింది, అన్నిటికన్నా చవకైన బి రకానికేమో మామూలు లిథియం దక్కింది.

ఇక మన రోడ్ల మీదికి వస్తే, హైక్రాస్‌కు కంపెనీ చెప్పే మైలేజీ లీటరుకు 23.24 కిలోమీటర్లు, హైరైడర్‌కు 27.97. సికింద్రాబాద్ ట్రాఫిక్‌లో మాకు పదహారు, పదిహేడు దాటడం లేదు. తోడల్లుడికి ఇరవై రెండు వస్తోంది. ఈ తేడా బ్యాటరీ రసాయనం వల్ల వచ్చిందనుకుంటే పొరపాటే, కారు బరువూ ఇంజను పరిమాణమూ వేరువేరు కదా. వాడకంలో నాకు తెలిసిన తేడా ఒక్కటే: హైరైడర్ చార్జి గీతలు చప్పున ఎక్కి చప్పున దిగుతాయి, హైక్రాస్‌వి నిదానంగా కదులుతాయి.

ఎండ మాత్రం రెండిటికీ శత్రువే. బ్యాటరీని చల్లబరిచే చిన్న ఫ్యాను కారు లోపలి గాలినే పీల్చుకుంటుంది కనుక, ఆ గాలి వెళ్లే జాలీకి దుమ్ము పట్టకుండా చూసుకోవాలి. మొన్న మే నెలలో తోడల్లుడి కారులో ఫ్యాను అదే పనిగా బొయ్‌మంటుంటే జాలీ ఊడదీసి చూశాం. బూడిదరంగు దుమ్ము అట్టకట్టి, మధ్యలో వాళ్ల కుక్క వెంట్రుకలు చుట్టుకుని ఉన్నాయి. పాత టూత్‌బ్రష్‌తో పది నిమిషాలు శుభ్రం చేశాక ఫ్యాను శాంతించింది. ఈ పనికి రసాయనంతో సంబంధం లేదు, సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా అడిగి చేయించుకోవలసిందే. ఇంకో మాట: నెల రోజులు ఊరెళ్లి వచ్చాక కారు లేవకపోతే తప్పు సాధారణంగా పెద్ద బ్యాటరీది కాదు, మామూలు 12 వోల్టుల బ్యాటరీది.

మన దేశంలో రెండు రకాల బ్యాటరీలకూ వారంటీ ఒకటే, ఎనిమిదేళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. అమెరికాలో పదేళ్లు లేదా 1,50,000 మైళ్లు ఇస్తున్నారు. మనకూ ఆ పదేళ్లు ఇస్తే బాగుండును. కొనేవారు రసాయనం పేరు కన్నా డిక్కీ తెరిచి చూసుకోవడం మేలు. హైరైడర్‌లో బ్యాటరీ అక్కడే ఉండడంతో చోటు బాగా తగ్గిపోయింది; సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు తోడల్లుడి పెద్ద సూట్‌కేసు ప్రతిసారీ మా కారులోనే వస్తుంది.